తొమ్మిదో నంబరు

ఇరవై రెండేళ్లు స్కోరు రాశాను
సాలగ్రామపురం మైదానంలో,
రేకుల షెడ్డు కింద, ఒక కాలు పొట్టిదైన బల్ల మీద.
హార్బరు వైపు నుంచి బొగ్గు నుసి వచ్చి
పేజీ మీద వాలేది.
ఏది పరుగు రాని బంతికి నేను పెట్టిన చుక్కో
ఏది నుసో
వేలు పెడితే తప్ప తెలిసేది కాదు.

నాకొక లెక్క ఉండేది. ఎవరికీ చూపించలేదు.
లెడ్జరు వెనక పేజీల్లో, పెన్సిలుతో.
వికెట్లన్నీ ఒకటి కావు గదా.
ఓపెనరు పోతే పదహారణాలు.
మూడో నంబరు, నాలుగో నంబరు అయితే రూపాయి పావలా.
ఏడు దాటాక అంతా చిల్లర.
పదకొండోవాడు బేడ,
అదీ వాడు బ్యాటు సరైన వైపు పట్టుకుంటేనే.
(అణాలు ఎప్పుడో పోయాయి.
మా నాన్న నేర్పింది ఆ లెక్కే.)
అలా తూచాను బౌలర్లందరినీ,
జెట్టీ మీద వంజరం బేరమాడినట్టు
మొప్పలెత్తి చూసి.

ఆ ఏడు సూరాడ దానయ్యవి నలభై మూడు వికెట్లు.
పెదజాలరిపేట కుర్రాడు.
ఇసకలో పరిగెత్తి పెరిగిన కాళ్లు
గడ్డి మీద చప్పుడు చెయ్యవు.
మూడింటికి డాల్ఫిన్స్ నోస్ మీంచి గాలి మళ్లితే
బంతీ మళ్లేది,
గుమ్మందాకా వచ్చి
మనసు మార్చుకున్న చుట్టంలా.

జిల్లా జట్టు ఎంపిక రోజు
గదిలో ఒక ఫ్యాను, నలుగురు పెద్దలు, నేను, లెడ్జరు.
"నలభై మూడా! ఎవరెవరివి?" అన్నారొకరు.
నా వెనక పేజీలు మొదటిసారి వెలుగు చూశాయి.
గొంతు సవరించుకుని మరీ చదివాను.
మొదటి నలుగురిలో తొమ్మిది.
నడిమివాళ్లు పదకొండు.
మిగతా ఇరవై మూడూ తోక.
"తోకలు కోసేవాడన్నమాట!"
నవ్వారు. నేనూ నవ్వాను.
టీ వచ్చింది.
దానయ్య పేరు మీద
గ్లాసు అడుగు గుండ్రంగా ముద్ర వేసింది.

నేను చదవనిదొకటుంది.
ఆ ఇరవై మూడులో నాలుగు
ముమ్మన జోగినాయుడివి.
షిప్‌యార్డులో వెల్డరు.
అతనంత నిటారుగా నిలబడి ఆడినవాణ్ణి
ఈ ఊళ్లో నేను చూడలేదు.
మొదటి షిఫ్టు రెండింటికి దిగి
సింధియాలో బస్సెక్కి వచ్చేసరికి
ఏడు వికెట్లు పడి ఉండేవి.
కళ్లల్లో ఇంకా ఆ నీలపు మంట.
ప్యాడ్ల పట్టీలు బిగించుకుంటూనే లోపలికి నడిచేవాడు.
అందుకని తొమ్మిది.
ఓపెనరెవరంటారా?
కిట్లు కొనిచ్చిన కాంట్రాక్టరు గారి అల్లుడు.
ఆయన స్టంపులు తుమ్మితే పడినా
నా లెక్కలో పదహారణాలే.

మార్చిలో ఒక మధ్యాహ్నం
దానయ్య అతనికి ముప్పై ఒక్క బంతులు వేశాడు.
ముప్పై చుక్కలు.
పల్లీలమ్మే అతను పొట్లం చుట్టడం మరిచి
కాయితం అలాగే పట్టుకుని నిలబడ్డాడు.
ముప్పై ఒకటోది ఆఫ్ స్టంపు పైఅంచు తాకింది.
బెయిలు ఒక్కటే పడింది, అదీ నెమ్మదిగా.
జోగినాయుడు వెనక్కి చూడలేదు.
దానయ్య దగ్గరికి నడిచి
గ్లవ్సు తీసి, వట్టి చేత్తో
భుజం తట్టి వెళ్లాడు.
దానికి నేను రాసుకున్న వెల
మూడణాలు.

చాన్నాళ్ల తర్వాత
తీరాన వల బాగు చేసుకుంటున్నవాడి ముందు నిలబడి చెప్పాను,
ఆ రోజు గదిలో నోరు విప్పలేదని.
దారం పంటితో తెంపి
"ఎన్నో నంబరోడో నానెప్పుడు సూసాను బాబూ?
ఎదర ఎవుడో ఒకడుంటాడు,
ఆడి కాళ్లు సూసి ఏసేవోణ్ణి" అన్నాడు.
కాసేపాగి,
"ఆ ఎల్డింగు బాబు మట్టుకు
నిద్దరలోకొచ్చీవోడు."

నిన్న ఆ లెడ్జరు తీశాను.
జోగినాయుడి గడిలో చుక్కలు లెక్కపెట్టాను.
ముప్పై రెండున్నాయి.
రెండు నావి కావు.
వేలు పెట్టలేదు.